జంగప్ప బిళ్ళ

ఆ రోజు పొద్దున కంప్యూటరు తెర మీద జంగప్ప పేరు ఉండాల్సిన చోట మొగులప్ప పేరు వచ్చి కూర్చుంది. మొగులప్ప ఆ రోజు పనికే రాలేదు. మేనమామ కూతురి పెళ్ళని సెలవు పెట్టి, పరిగి బస్సెక్కి పోయాడు. అట్లాంటి మనిషి తాండూరు అవతలి సున్నపురాయి గనిలో, తాటిచెట్టంత లోతున, డ్రిల్లు పట్టుకుని బొక్కలు వేస్తున్నాడని తెర చెబుతుంటే గేటు దగ్గర బిళ్ళలిచ్చే కిష్టప్పకు నవ్వు ఆగలేదు.

“ఇస్మత్ మేడం! మీ డబ్బ మొగులప్పను పెండ్లి పందిట్లకెల్లి గుంజుకొచ్చి గనిల ఏసింది, సూడుండ్రి” అని కేకేశాడు.

ఇస్మత్‌కు నవ్వు రాలేదు. ఆ ప్రోగ్రాంలో పేర్ల పని అంతా ఆమెది. తెర మీద చూపించే పని ఆమె స్నేహితురాలు మార్తది. ఇద్దరూ వికారాబాదు వాళ్ళే. హైదరాబాదులో ఒకే చోట కంప్యూటరు కోర్సు చదివారు, ఒకే రైల్లో రోజూ తాండూరు వస్తారు, ఈ ఫ్యాక్టరీలో ఒకే రోజు చేరారు. చేరి ఆరు నెలలు కూడా కాలేదు.

ఇది 1988 నాటి మాట. గనిలో రోజూ మధ్యాహ్నం రెండింటికి బ్లాస్టింగు ఉంటుంది. రాతిగోడకు బొక్కలు వేసి, మందు కూరి, వైర్లు కలిపి, సైరన్ మోగించి పేలుస్తారు. ఆ లోపల గనిలో ఉన్న ప్రతి మనిషీ పైకి రావాలి. వచ్చాడో రాలేదో తెలిసేది బిళ్ళలతోనే. లోపలికి పోయేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను బోర్డు మీది మేకు నుంచి తీయించుకుని జేబులో వేసుకోవాలి. పైకి రాగానే తిరిగి ఇచ్చెయ్యాలి. బోర్డు నిండితే గని ఖాళీ అయినట్టు. ఒక్క మేకు బోసిగా ఉన్నా లోపల ఒక ప్రాణం ఉన్నట్టు.

బోర్డు చూసి, నంబరుకు పేరు వెతికి, మైకులో పిలిచేసరికి ఆలస్యమవుతున్నదని మేనేజరు ఈ కంప్యూటరు పెట్టించాడు. బిళ్ళ ఇచ్చినప్పుడు కిష్టప్ప నంబరు కొడితే పేరు తెర మీదికి వస్తుంది. బిళ్ళ తిరిగొచ్చినప్పుడు కొడితే చెరిగిపోతుంది. సైరన్ వేళకు తెర మీద ఎవరైనా మిగిలి ఉంటే బ్లాస్టరు ఇమాముద్దీన్ ఆ పేరును మైకులో పిలుస్తాడు. వారం నుంచి బోర్డూ కంప్యూటరూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఈ రోజు నుంచి తెర మాటే చివరి మాట అని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు.

జంగప్ప లోపల చిక్కుకుపోయాడనుకుందాం. మైకులో మొగులప్ప పేరు మోగుతుంది. ‘పిలిచేది నన్ను కాదు గదా’ అని జంగప్ప కూర్చున్న చోటే కూర్చుంటాడు. పేరు తప్పితే ఏమవుతుందో ఊహించడానికి ఇస్మత్‌కు పెద్ద చదువేం అక్కర్లేకపోయింది.

“కిష్టప్పన్నా, జరసేపు బోర్డు మీదనే నడిపియ్యి. పగటాలకు, బువ్వ తినేయాళ్ళకు బాగ చేసిస్తం” అని చెప్పి, కుర్చీ లాక్కుని, మార్తను పిలిచింది.

ఆ ప్రోగ్రాం సీ భాషలో రాసింది. ఆ భాషకు ఒక గుణం ఉంది. అడిగింది ఇస్తుంది, ఎందుకని అడగదు, తప్పు చేస్తే చెయ్యి పట్టి ఆపదు. ఒక పేరు దాచుకోవాలంటే ‘ఇన్ని అక్షరాలు పట్టే చోటు కావాలి’ అని అడిగి తీసుకోవాలి. పని తీరాక ‘ఈ చోటు ఇక నాకొద్దు’ అని వాపసివ్వాలి. ఇవ్వకపోతే కొన్నాళ్ళకు చోటంతా నిండిపోయి మెషీను మొరాయిస్తుంది. ఒకే చోటును రెండుసార్లు వాపసిస్తే దానికి పిచ్చెక్కుతుంది. వీటన్నిటినీ మించిన పాడు సంగతి మరొకటుంది. ఒకరికి ఆ పేరుతో ఇంకా పని ఉండగానే ఇంకొకరు దాని చోటును వాపసిచ్చేస్తే మెషీను కిక్కురుమనదు. గప్‌చుప్‌గా అదే చోటులో ఇంకో పేరు రాసేస్తుంది. మొదటివాళ్ళు మాత్రం అక్కడ తమ పేరే ఉందని నమ్ముతూ ఉంటారు.

పొద్దున జరిగింది అదే. అందరికన్నా ముందు జంగప్ప బిళ్ళ తీసుకున్నాడు, పేరు తెర మీదికి వచ్చింది. ఆ తరువాత మొగులప్ప సెలవు రాయడానికి కిష్టప్ప అతని నంబరు కొట్టాడు. ఆ కొత్త పేరుకు మెషీను వెతికి వెతికి జంగప్ప పేరున్న చోటే ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఇస్మత్‌కు ఎంతకీ అంతుచిక్కలేదు. తన పేజీలన్నీ తిరగేసింది. తరువాత మార్త రాసిన దాంట్లోకి పోయింది. పేరును తెర మీద చూపించిన లైను కిందనే ముందురోజు దాకా లేని ఇంకో చిన్న లైను, ఫ్రీ అని. చోటు వాపసిచ్చే మాట అది.

“మార్తా, నా పేరును నువ్వెందుకు వాపసిచ్చినవే?”

“నువ్వు ఇయ్యలేదు గద. పని అయిపోయింది, ఊకె జాగ పట్టుకోని ఉండుడెందుకని నేనే ఇచ్చిన” అంది మార్త, ఏదో మేలు చేసిన మొహంతో.

“నేను ఇయ్యలేదంటే నాకింకా పని ఉన్నదనే గద!”

“నాకేమెరుక? నీ దగ్గరికెల్లి నా చేతికొచ్చింది. నా చేతికొచ్చినంక నాదే అనుకున్న.”

మార్త మొదటి నుంచీ అంతే. ఎదుటివాళ్ళ పని కూడా తన పనే అనుకుంటుంది. రైల్లో ముసలమ్మ మూట కనిపిస్తే అడగకుండానే ఎత్తి పైన పెడుతుంది. ఆ ముసలమ్మ తరువాతి స్టేషన్లోనే దిగాల్సి ఉంటుంది. ఒకసారి మధ్యాహ్నం ఇస్మత్ సాయంత్రం రైల్లో తిందామని డబ్బాలో దాచుకున్న ఖీమా పరోటాను ‘అయ్యో, మిగిలిపోయింది’ అని ఫ్యాక్టరీ కుక్కకు వేసి, డబ్బా తళతళలాడేట్టు తోమి తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం రైలు ధారూరు దాటిందాకా ఇస్మత్ ఆమెతో మాట్లాడలేదు. కానీ తోమిన డబ్బా తెచ్చి నవ్వుతూ చేతిలో పెట్టిన మనిషి మీద ఎంతసేపని కోపం ఉంటుంది?

ఇస్మత్‌ది దీనికి సరిగ్గా ఎదురు గుణం. నలుగురు అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగింది. సబ్బు బిళ్ళ మీద కూడా గోటితో తన పేరు గీసుకునేది. ‘ఇస్మత్‌ది ఏదన్నా ముట్టుకుంటే ఇంట్లో ఆ రోజు వంట ఉండదు’ అని తల్లి అలీమాబీ వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. నాది నాది, నీది నీది. దాన్ని పిసినారితనం అనుకున్నా సరే, ఇస్మత్ పట్టించుకోదు.

“అంటే మొగులప్పను పెండ్లికెల్లి గుంజుకొచ్చింది నేనంటవు” అంది మార్త. మొహం చిన్నబోయింది. “తప్పు ఏదైనా నాదే. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.”

“గట్లంటలేను.”

“మరెట్లంటున్నవు? చోటు వాపసియ్యకుంటే మెషీన్ నిండిపోతదని నువ్వే గద చెప్పినవు. నేను ఇస్తే ఇచ్చినవంటవు, ఇయ్యకుంటే ఇయ్యలేదంటవు. పేరు నా చేతుల పెట్టినప్పుడు ఇది ఎవ్వరిది అని ఒక్క ముక్క చెప్పినవా?”

ఇస్మత్ తన పేజీ పైకి జరిపి చూసింది. నంబరు ఇస్తే పేరు ఇస్తుందని రాసి ఉంది. ఆ పేరు చూడ్డానికి ఇచ్చిందో, ఉంచుకోవడానికి ఇచ్చిందో ఎక్కడా లేదు. సబ్బు మీద పేరు గీసుకున్న మనిషి ఇక్కడ ఆ మాటే మరిచిపోయింది. నిజానికి మరిచిపోలేదు. తనకు తెలిసింది మార్తకు ఎట్లాగూ తెలిసే ఉంటుందనుకుంది. స్నేహితుల మధ్య ఇట్లాంటివి అడిగితే బాగుండదనుకుంది.

“చెప్పలే” అంది.

ఆ ఒక్క మాటతో మార్త కోపం సగం దిగింది. “సరే, ఇప్పుడు చెప్పు. ఆఖరుకు ఎవరు వాడుకుంటే వాళ్ళే ఇయ్యాలె, ఏమంటవు?”

“ఆఖరు ఎవరో ఎవరికెరుక? నువ్వు ఆఖరనుకున్నవు, నేను ఉన్న. రేపు ఇంకొకల్లు వచ్చి ఇంకో పేజీ రాస్తరు. మందెక్కువైతే మజ్జిగ పలచన.” ఇస్మత్ కాసేపు పెన్సిలు కొరికింది. “చోటు ఎవరు అడిగి తీస్కుంటే వాపసిచ్చుడు వాళ్ళ పనే. ఇంకెవ్వరు ముట్టొద్దు. నేను తీస్కున్న, నేనే ఇస్త. నీకు సూపిస్త, నువ్వు సూడు, అంతే.”

“నాకు ఉంచుకోవాల్సి వస్తే?”

“నీ జాగ నువ్వు తెచ్చుకో. ఎంతదో చెప్పు. నేను అండ్ల రాసి ఇస్త. గది నీది, ఎప్పుడు పారేసుకుంటవో నీ ఇష్టం. జాగ చాలకుంటే మాత్రం కుక్కి రాయను, చాలలేదని చెప్త. లేకుంటే ఈ పేరు పొర్లి పక్క పేరు మీద పడ్తది.”

“పాలకు పోతె గిన్నె మనదే తీస్కపోయినట్టు” అంది మార్త.

“అవ్. గిన్నె ఎంతదో సూసి పోస్తరు.”

మార్త నవ్వింది. తన పేజీలోని ఆ చిన్న లైనును తానే చెరిపేసింది. ఇస్మత్ తన పేజీ తలమీద, ఎవరు తెరిచినా మొదట కనబడేట్టు, ఆ కట్టుబాటును రాసింది. ఏది చూడ్డం కోసం, ఏది ఉంచుకోవడం కోసం, ఎవరిది ఎవరు వాపసివ్వాలి అని. మొహమాటం లేకుండా రాయాలని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. తరువాత మార్త ఆ ప్రోగ్రాంను ఎన్ని రకాలుగా సతాయించవచ్చో అన్ని రకాలుగా సతాయించింది. లేని నంబర్లు కొట్టింది, రైలు పెట్టెంత పొడవున్న పేర్లు ఇచ్చింది. మొగులప్ప నంబరు పదే పదే కొట్టింది. జంగప్ప జంగప్పగానే ఉన్నాడు.

భోజనాల వేళకు కంప్యూటరు మళ్ళీ కిష్టప్ప చేతికి వచ్చింది. పొద్దున లోపలికి పోయిన వాళ్ళందరి నంబర్లూ బోర్డు చూసి కొట్టారు. తెర నిండా పేర్లు, ఏ పేరు చోట ఆ పేరు.

గని నుంచి మనుషులు పైకి రావడం మొదలైంది. ఏప్రిల్ ఎండ. తెల్లటి రాయి మీద పడి కింది నుంచి కూడా మొహాన కొట్టే ఎండ. కనుబొమ్మల మీద, మీసాల మీద సున్నపు దుమ్ముతో అందరూ ఒకే వయసు వాళ్ళలా కనబడుతున్నారు. గేటు దగ్గర వరుస. కిష్టప్ప కిటికీలోంచి చెయ్యి చాపడం, బిళ్ళ అందుకోవడం, నంబరు కొట్టడం, మేకుకు తగిలించడం. కొట్టిన ప్రతిసారీ తెర మీద ఒక పేరు చెరిగిపోతోంది. ఇస్మత్ పక్కన నిలబడి, చెరిగిన పేరు సరైనదో కాదో ప్రతి బిళ్ళకూ సరిచూస్తోంది. మార్త ఆమె భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది.

యాలాల నుంచి వచ్చే నర్సప్ప వంతు వచ్చింది. యాభై దాటిన మనిషి, డ్రిల్లింగులో పాతకాపు. రెండు బిళ్ళలు కిటికీలో పెట్టాడు. కిష్టప్ప రెండూ కొట్టాడు. నర్సప్ప పేరు చెరిగింది. జంగప్ప పేరు చెరిగింది.

“సూడు, మొగులప్ప కాదు, జంగప్పే పోయిండు!” అని మార్త చప్పట్లు కొట్టింది. ఇస్మత్ కూడా నవ్వింది. పొద్దుటి నుంచి గుండె మీదున్న బండ దిగినట్టయింది.

వరుస తరిగింది. చివరి బిళ్ళ వచ్చింది. బోర్డు నిండింది. తెర మీద ‘లోపల ఎవరూ లేరు’ అని ఒక్క వాక్యం మిగిలింది. కిష్టప్ప ఫోనెత్తి ఆ మాటే బ్లాస్టింగు గుడిసెకు చెప్పాడు. మొదటి సైరన్ మోగింది. రెండోది మోగితే ఇక పేల్చడమే.

ఇస్మత్ ఆ వాక్యాన్నే చూస్తూ ఉండిపోయింది. తాను రాసింది, మార్త చూపించింది, రెండూ తప్పు లేకుండా నడిచాయి. సంతోషించాల్సిన చోట మనసు ఎక్కడో చిక్కుపడుతోంది. జంగప్ప పేరు చెరిగిపోయిన క్షణమే కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ ఆడుతోంది. పేరు సరిగ్గానే పోయింది. పోగొట్టింది ఎవరు? బిళ్ళ తీసుకున్నది జంగప్ప. వాపసిచ్చింది నర్సప్ప. పొద్దుట తామిద్దరూ తన్నుకున్నది సరిగ్గా ఈ సంగతి మీదే.

“కిష్టప్పన్నా, జంగప్ప పైకి వచ్చిండా?”

“వచ్చిండు గద మేడం. గిదో, బిళ్ళ.”

“బిళ్ళ కాదన్నా. మనిషి.”

కిష్టప్ప ఆమె మొహంలోకి వింతగా చూశాడు. “నర్సప్ప తెచ్చిండు. యాలాలోళ్ళంత గట్లనే తెస్తరు, ఒకల్లది ఒకలు. అందరు లైన్ల నిలవడుడెందుకని. దోస్తులు గద.”

అందులో తప్పేముందో కిష్టప్పకు అర్థం కాలేదు. గనిలో అది అలవాటు. అలిసినవాడు తన బిళ్ళను నేస్తం చేతిలో పెట్టి, నువ్వు నడు, నేను వెనకే వస్తానంటాడు. ‘నీ బిళ్ళ నువ్వే ఇచ్చుకో’ అంటే ఆ స్నేహం ఆ రోజుతో సరి. ఒకరి బరువు ఒకరు మొయ్యకపోతే అట్లాంటి చోట బతకడమే కష్టం.

ఇస్మత్ చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా చాయ్ పాక దగ్గరికి పరుగెత్తింది. నర్సప్ప సాసరులో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు.

“నర్సప్పన్నా, జంగప్ప ఏడి?”

“వస్తుండు బిడ్డా. జర మెల్లగొస్తనన్నడు. బిళ్ళ నా చేతుల పెట్టిండు.”

“పైకి వచ్చినంక నువ్వు సూసినవా?”

నర్సప్ప సాసరు నోటి దాకా తెచ్చి ఆపాడు. పాకలో కూర్చున్న వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాడు. నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న వాళ్ళను చూశాడు. “ఓ జంగా!” అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. సాసరు చేతిలోంచి జారి చాయ్ అంతా పంచె మీద పడింది.

బ్లాస్టింగు గుడిసె గని అంచున ఉంది. ఇస్మత్ అక్కడికి చేరేసరికి ఆమె వెనక నర్సప్ప, అతని వెనక మార్త. లోపల ఇమాముద్దీన్ వైర్లు సరిచూస్తున్నాడు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు.

“ఆపుండ్రి చాచా. జంగప్ప లోపల ఉన్నడు” అంది ఇస్మత్ ఆయాసపడుతూ.

మేనేజరు కోస్తా వాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. “ఏంటమ్మా ఇది? లోపల ఎవరూ లేరని చెప్పింది నీ కంప్యూటరే కదా. మళ్ళీ తప్పు చూపిస్తోందా?”

“లేదు సార్. కంప్యూటర్ సరిగనే ఉన్నది.”

“బోర్డో?”

“బోర్డు నిండింది.”

“మరి?”

జంగప్ప ఏ చెట్టు చాటుకో పోయి ఉంటే, ఇంకో నిమిషంలో నాడా కట్టుకుంటూ వస్తే, మొదటి రోజే ఇద్దరి పరువూ పోతుంది. పొద్దుటి మొగులప్ప కథ ఇప్పటికే ఊరంతా తిరిగింది. ఈ ఆడపిల్లలకు కంప్యూటరు ఎందుకిచ్చారని ఎవరైనా అంటే జవాబు ఉండదు. అయినా తెలిసిన దాన్ని మింగి ఊరుకోవడం ఇస్మత్ వల్ల కాలేదు.

“అది బిళ్ళలను లెక్క పెడ్తది సార్, మనుషులను కాదు. జంగప్ప బిళ్ళ జంగప్ప ఇయ్యలే. నర్సప్పన్న ఇచ్చిండు. ఇచ్చినప్పుడు జంగప్ప లోపలనే ఉన్నడు.”

మేనేజరు ఏదో అనబోయాడు. ఇమాముద్దీన్ అప్పటికే లేచి నిలబడ్డాడు. పేల్చే డబ్బాకు ఒక చిన్న హ్యాండిల్ ఉంటుంది. అది పెట్టి తిప్పితేనే పేలుతుంది. ఆ హ్యాండిల్ అతని చొక్కా లోపలి జేబులో ఉంది. ఎన్నేళ్ళ నుంచో ఆ జేబు తప్ప దానికి ఇంకో చోటు లేదు. జేబు మీద చెయ్యి వేసుకుని, “ఇది నా దగ్గరున్నంత సేపు ఏది పేలదు సాబ్. పిల్ల చెప్పింది గలత్ అయితే నేనే మాటలు పడ్త” అన్నాడు. హ్యాండిల్‌ను మేనేజరుకు కూడా ఇవ్వకుండా, జేబులోనే ఉంచుకుని, నర్సప్పను వెంటబెట్టుకుని గనిలోకి దిగాడు.

మార్త మైకు అందుకుని జంగప్ప పేరు పిలిచింది. పిలుస్తూనే ఉంది. గని గోడలు ఆ పేరును తిరిగి అంటున్నాయే తప్ప మనిషి పలకడం లేదు. పైనున్న వాళ్ళంతా అంచున వచ్చి నిలబడ్డారు. ఇస్మత్ తనకు తెలిసిన దువాలన్నీ కలగాపులగంగా చదువుకుంది. జంగప్ప చెట్టు చాటు నుంచే రావాలని, తన పరువు పోతే పోనీ అని మొక్కుకుంది.

అతను చెట్టు చాటు నుంచి రాలేదు. ఇమాముద్దీనూ నర్సప్పా అతన్ని చెరో భుజం కింద చెయ్యి వేసి నడిపించుకుంటూ పైకి తెచ్చారు. పొద్దుటి నుంచి జ్వరమట, ఎవరికీ చెప్పలేదట. పేల్చబోయే గోడ పక్కనే డ్రిల్లు సామాను కోసం ఆనించిన రేకు ఒకటుంది. దాని నీడలో ఒక్క నిమిషం కూర్చుంటానని కూర్చుని ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. సైరనూ వినలేదు, మైకూ వినలేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అతని తల్లి సేడం వైపు నుంచి వచ్చిన కన్నడ మనిషి. జ్వరంలో అమ్మ భాషే వచ్చింది. “నీర్ కొడ్రి” అన్నాడు, నీళ్ళిమ్మని.

నర్సప్ప నీళ్ళు తెచ్చి తాగించాడు. తాగించి, గ్లాసు కింద పెట్టి, చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆ వెంటనే జంగప్ప తలను తన ఛాతీకి అదుముకుని ఏడ్చాడు. అంత వయసు మనిషి అట్లా ఏడవడం ఇస్మత్ ఎప్పుడూ చూడలేదు.

ఇమాముద్దీన్ ఈసారి మనుషులను మొహాలు చూసి లెక్క పెట్టాడు. అప్పుడు హ్యాండిల్ తీశాడు. సైరన్ మోగింది. నేల కాళ్ళ కింద ఒకసారి అదిరింది. తెల్లటి దుమ్ము లేచి, నెమ్మదిగా పక్కకు ఒరిగి, తేలిపోయింది. రేకు ఉన్న చోట రాళ్ళ కుప్ప ఉంది. రేకు ముక్క కూడా కనబడలేదు. అందరూ అటే చూశారు, జంగప్ప తప్ప. అతనికి చూసే ఓపిక లేదు.

మేనేజరు గొంతు మొదటిసారి లేచింది. నర్సప్ప మీద. “నీ పని నీకు తెలీదా? ఇంకొకడి బిళ్ళ నువ్వెందుకు ఇచ్చావ్? మనిషిని చంపేవాడివి!”

జవాబు ఇస్మత్ చెప్పింది.

“ఎవరిది వాళ్ళే ఇయ్యాలని ఎవరు చెప్పిండ్రు సార్ ఆయనకు? బోర్డు మీద రాసి లేదు. గేటు దగ్గర ఎవ్వరు అడగరు. దోస్తు అలసిపోతే చేతి సాయం చేసిండు. చెప్పకుంటే మంచోళ్ళే ముందు తప్పు చేస్తరు.”

మేనేజరు కిష్టప్పను పిలిచి, రేపటి నుంచి బిళ్ళతో పాటు మనిషి మొహం కూడా కిటికీలో కనబడాలని చెప్పాడు. జంగప్పను ఆసుపత్రికి తీసుకుపోవడానికి జీపుకు కబురు పెట్టాడు.

జీపు వచ్చేదాకా నలుగురూ పాక నీడలో కూర్చున్నారు. జంగప్ప నర్సప్ప ఒడిలో తల పెట్టి పడుకున్నాడు. మార్త తన ఓణీ కొంగు తడిపి అతని నుదుటి మీద వేసింది. నర్సప్ప ఇస్మత్ వైపు తిరిగాడు.

“నీకెట్ల ఎరుకైంది బిడ్డా? కిష్టప్పకు ఎరుక కాలే. నాకే ఎరుక కాలే.”

“పొద్దుగాల మేమిద్దరం గూడ గిదే చేసినమన్నా” అంది ఇస్మత్, మార్తను చూపిస్తూ. “దీనికి నేనంటే పావురం, మస్తు ఇష్టం. నేను ఇయ్యాల్సింది నాకు చెప్పకుండ ఇదే ఇచ్చేసింది. నాకింకా పని ఉన్నదని దానికి ఎరుక లేదు. నేను గూడ చెప్పలే.”

“మరి మీ దాంట్ల ఏమైంది?”

“ఏం కాలే. ఒక పేరు పోయింది. దాని జాగల ఇంకో పేరొచ్చింది.”

“ఎవరి పేరు పోయింది?”

ఇస్మత్ నర్సప్ప ఒడిలో నిద్రపోతున్న మనిషి వైపు చూసింది.

“జంగప్పది” అంది.

నర్సప్ప చెయ్యి జంగప్ప జుట్టులో ఆగిపోయింది. గనిలో ఇంకా అక్కడక్కడా రాళ్ళు జారుతున్న చప్పుడు వస్తోంది.

“పేరైతే మల్ల రాసుకోవచ్చు బిడ్డా” అన్నాడు.